కోరంగిలో అడవి, కాకినాడలో పోరంబోకా?

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటితే కోరంగి. సెలవు రోజుల్లో అక్కడి చెక్కవంతెన మీద నిలబడేందుకు చోటుండదు. ఇంతమంది మడ అడవి చూడటానికి రావడం సంతోషించాల్సిన విషయమే. కానీ అదే మడ కాకినాడ నగరంలో, దుమ్ములపేట వైపు కనిపిస్తే మనలో చాలామందికి అడవిలా తోచదు. పూడ్చి చదును చేయాల్సిన బురదనేలలా కనిపిస్తుంది. ఈ చూపు మారాలి.

కోరంగికి వెళ్లేవాళ్లు ఆటు సమయం చూసుకుని వెళ్లాలి. నీరు తీశాక గానీ అసలు సందడి మొదలుకాదు. మడచెట్ల చుట్టూ ఊపిరి వేర్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. తల మీద కళ్లున్న చిన్న చేప రెక్కల మీద ఈడ్చుకుంటూ వేరెక్కి కూర్చుంటుంది. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న మగపీత దాన్ని ఎత్తి ఊపుతుంది. మన నీడ పడిందా, అన్నీ బొరియల్లోకి మాయం. తెల్లమడ ఆకు నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకుల మీంచి బయటికి నెట్టేస్తుంది. తిల్ల కొమ్మ మాత్రం విరవొద్దు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఇక్కడి అసలు యజమాని బావురు పిల్లి. నీళ్లలో దూకి చేపలు పట్టే ఈ పిల్లి రాత్రిపూట తిరిగేది, కాబట్టి పగటి పర్యాటకులకు దొరకడం అరుదు. 1978లో ఏర్పడిన ఈ 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో 2018 లెక్కింపులో 115 బావురు పిల్లులు ఉన్నట్టు తేలింది. నీటికుక్కల గుంపులు మాత్రం అదృష్టముంటే పడవలోంచే కనబడతాయి.

ఇక నగరం సంగతి. 2020లో దుమ్ములపేటలో పేదల ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టి నేల పూడ్చారు. విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరింది. 5 కోట్ల రూపాయల మధ్యంతర పరిహారం కట్టాలని 2022లో ట్రైబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. పేదవాడికి ఇల్లు కావాలి, అందులో రెండో మాటే లేదు. అయితే ఉప్పెన వస్తే ముందు మునిగే నేలను, అదీ ఉప్పెనకు అడ్డుగా నిలిచే చెట్లను కొట్టేసి పేదవాడి చేతిలో పెట్టడం మేలు చేసినట్టు ఎలా అవుతుంది? తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం మడకు అత్యున్నత రక్షణ ఉంది. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ చుట్టూ 50 మీటర్లు వదలాలని 2019 నోటిఫికేషన్ చెబుతోంది. చట్టానికి లోటు లేదు, అమలుచేసే మనసుకే లోటు.

ఈ తీరం ఉప్పెనను ఎరుగనిది కాదు. 1839 నవంబరు ఉప్పెన కోరంగి రేవునే తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ పడిన గోస ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటారు. మడ అల జోరును తగ్గిస్తుంది, ఒండ్రును పట్టి ఉంచుతుంది, రొయ్యపిల్లకూ మండపీతకూ పుట్టిల్లు అవుతుంది. వేటకు వెళ్లే మత్స్యకారుడి వలలో పడేదానికి మూలం ఈ బురదలోనే ఉంది.

పోయిన మడను తిరిగి తేవచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీటిని లోపలికి మళ్లించారు. ఆ తర్వాతే మొక్కలు నాటారు. నీటికి దారి ఇవ్వకుండా మొక్కలు నాటి ఫొటోలు దిగితే అవి బతకవు. దుమ్ములపేటలోనూ పోసిన మట్టి తీయాలి, కాలువలు తవ్వాలి, హద్దురాళ్లు పాతాలి, కొద్దిపాటి నడకదారి వేసి నగరంలోని బడిపిల్లలను తీసుకెళ్లాలి.

ఈసారి కోరంగి వెళ్లి వచ్చాక కాకినాడవాసులు తమ కార్పొరేషన్‌ను ఒక్క మాట అడగాలి: నగరంలో మిగిలిన మడ ఎంత, దాని హద్దులు ఏ పటంలో ఉన్నాయి? జవాబు కాగితం మీద తీసుకోండి.