ఎంపీని అడిగినవాడికి జవాబు ఇవ్వండి

కడప-బెంగళూరు రైలు మార్గం 2008-09లో మంజూరైంది. పెండ్లిమర్రి, రాయచోటి, మదనపల్లె మీదుగా దాదాపు 255 కిలోమీటర్ల లైను. ఖర్చులో సగం రైల్వేది, సగం రాష్ట్ర ప్రభుత్వానిది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పట్టాలు పడ్డాయి. ఆ తర్వాత కాగితాలు కదిలాయి, అంచనాలు పెరిగాయి, అలైన్‌మెంట్ మార్చాలన్న చర్చ వచ్చింది. పట్టాలు మాత్రం కదల్లేదు. మదనపల్లె వాళ్లు రైలెక్కాలంటే ఇప్పటికీ ఊరికి దూరంగా సీటీఎం దగ్గరున్న మదనపల్లె రోడ్డు స్టేషనుకే పోవాలి. లైను మంజూరైన ఏడాది పుట్టిన పిల్లలు ఓటు వయసుకు వచ్చేస్తున్నారు.

ఈ లైను ఏమైందని కలికిరిలో ఒక ఓటరు తన ఎంపీని పేరు పెట్టి అడిగితే ఏం జరుగుతుందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. రైలు గురించి జవాబు రాదు. ‘నువ్వెవరి మనిషివి?’ అన్న ఎదురు ప్రశ్న వస్తుంది. అడిగినవాడి కులం, వాళ్ల నాన్న ఏ పార్టీ జెండా మోశాడు, వాళ్ల మేనమామకు ఏ కాంట్రాక్టు దక్కలేదు అన్నవి బయటికి తీస్తారు. అప్పటికీ ఊరుకోకపోతే అనుచరుడొకడు పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు రాసిస్తాడు. మర్నాడు నోటీసు వస్తుంది.

ఇది ఆగాలి. ఎంపీ పని గురించి ఓటరు ఎంత కటువుగా అడిగినా, ఆ మాట మీద పోలీసు కేసు పెట్టకూడదు. అడిగినదానికి ఎంపీ జవాబు చెప్పాలి. ఎంపీది ఏ పార్టీ అయినా, విమర్శించినవాడు ఎవరి అభిమాని అయినా ఈ పత్రిక మాట ఇదే.

కలికిరికి ఈ సంగతి మిగతా ఊళ్లకన్నా ఎక్కువ ఎందుకు తగులుతుందో చెప్పాలి. పీలేరు శాసనసభ నియోజకవర్గంలోని ఈ మండలం రాజంపేట లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. మదనపల్లె, పుంగనూరు కూడా అందులోవే. 2014 నుంచి వరుసగా మూడుసార్లు ఇక్కడ గెలిచింది పుంగనూరు ఎమ్మెల్యే పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి కుమారుడు మిథున్‌రెడ్డి. 2024లో ఆయన మీద పోటీ చేసి ఓడిపోయింది ఇదే కలికిరి మండలానికి చెందిన మాజీ ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి. రెండు కుటుంబాల రాజకీయ వైరం దశాబ్దాల నాటిది. అందువల్ల ఇక్కడ ఎవరు నోరు విప్పినా ఏదో ఒక ఇంటి ఖాతాలో పడిపోతుంది. ఎంపీని అడిగితే నల్లారి వారి మనిషి. సైనిక్ స్కూలు, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాక కలికిరికి ఇంకేం వచ్చిందని అటువైపు అడిగితే పెద్దిరెడ్డి వారి మనిషి. ఏ ఇంటికీ చెందని ఓటరు, తన పన్ను తాను కడుతూ తన ఓటు తాను వేసుకునే మామూలు మనిషి ఈ లెక్కలో ఎక్కడా కనిపించడు. టమోటా బాక్సులతో తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్‌కు చేరే రైతు అలాంటివాడే. అతనికి రెండు ఇళ్లతోనూ పని లేదు. ధర పడిపోయిన రోజు కేంద్రం ఏం చేస్తుందన్నది అతనికి కావాలి. టమోటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 2018-19 బడ్జెట్‌లో 500 కోట్లతో ప్రకటించిన ‘ఆపరేషన్ గ్రీన్స్’ పథకం కింద మన మార్కెట్ చుట్టూ ఎన్ని శీతల గిడ్డంగులు, ఎన్ని గుజ్జు తయారీ కేంద్రాలు వచ్చాయన్నది ఎంపీనే అడగాల్సిన ప్రశ్న. అతను అడిగితే ఏ ఇంటి మనిషని వెదకడం అతన్ని అవమానించడమే.

మరో ఉదాహరణ చూద్దాం. ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్ 6న వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు ఐదుగురు రాజీనామా చేశారు. వారిలో రాజంపేట ఎంపీ ఒకరు. జూన్‌లో స్పీకర్ ఆమోదించారు. సభ గడువు ఏడాది కన్నా తక్కువే మిగిలి ఉండటంతో ఉప ఎన్నిక రాలేదు. 2019 మేలో మళ్లీ సభ్యుడు ఎన్నికయ్యేదాకా, అంటే దాదాపు ఏడాది పాటు, ఏడు శాసనసభ నియోజకవర్గాల జనానికి లోక్‌సభలో గొంతు లేదు. అదే కాలంలో పక్కనున్న చిత్తూరు స్థానం నుంచి, అంటే కుప్పం, పలమనేరు ప్రజల తరఫున, నారమల్లి శివప్రసాద్ రోజుకో వేషంతో పార్లమెంటు ఆవరణలో నిలబడి అదే హోదా అడిగారు. ఒకరిది రాజీనామా దారి, ఒకరిది వేషాల దారి. ఏది సరైనదో, దేనివల్ల ఏం ఒరిగిందో తేల్చుకునే హక్కు ఓటరుదే. రాజీనామాను త్యాగమని మెచ్చుకున్నవాడికి ఎంత స్వేచ్ఛ ఉందో, మా గొంతును మీరే తీసేసుకున్నారని తప్పుపట్టినవాడికీ అంతే స్వేచ్ఛ ఉండాలి. మద్యం కేసులో మిథున్‌రెడ్డి 2025 జూలైలో అరెస్టయి సెప్టెంబరులో బెయిలుపై వచ్చిన వ్యవహారం వేరు. ఆ ఆరోపణల నిజానిజాలను న్యాయస్థానం తేలుస్తుంది. ఆయన్ను దోషిగా రాసేయడం విమర్శ కాదు. ఆ వర్షాకాల సమావేశాల్లో మా నియోజకవర్గం మాట ఎవరు మాట్లాడారని అడగడం మాత్రం విమర్శే, న్యాయమైన విమర్శ.

విమర్శకు నోటీసుతో బదులివ్వడం ఏ ఒక్క పార్టీ తెచ్చిన జబ్బూ కాదు. 2017లో తెలుగుదేశం ప్రభుత్వం ఉండగా వ్యంగ్య చిత్రాలు పెట్టినందుకు ఒకరిని అరెస్టు చేశారు. 2020లో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ విషవాయువు ప్రమాదంపై ప్రశ్నలు పంచుకున్నందుకు గుంటూరులో ఒక పెద్దావిడను వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వ హయాంలో సీఐడీ పిలిపించింది. 2021 మేలో సొంత పార్టీ ప్రభుత్వాన్నే విమర్శించిన నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజుపై రాజద్రోహం కేసు పెట్టి అరెస్టు చేశారు. ఆయన బయటపడటానికి సుప్రీంకోర్టు బెయిలు కావాల్సి వచ్చింది. కూటమి ప్రభుత్వం వచ్చాక 2024 నవంబరులో ప్రతిపక్ష సోషల్ మీడియా కార్యకర్తలపై కేసులు వరసకట్టాయి. కొన్నింటిలో భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరాలకు ఉద్దేశించిన 111వ సెక్షన్ దాకా వెళ్లారు. వాటిలో కొన్ని పోస్టులు నిజంగానే నీచమైనవి. ఆడవాళ్లపై, పిల్లలపై రాసిన రోత రాతలను, మార్ఫింగ్ చిత్రాలను ఈ పత్రిక ఏనాడూ సమర్థించదు. వాటికి శిక్ష పడాలి. కానీ ఆ రోత రాతలను అడ్డం పెట్టుకుని రోడ్డు గురించి, రైలు గురించి అడిగినవాడిని కూడా అదే గాటన కట్టడమే అసలు అన్యాయం. అధికారంలో ఉన్నప్పుడు కేసులు పెట్టించి, దిగిపోయాక భావప్రకటన స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలు చెప్పడం మన రాష్ట్రంలో రెండు వైపులా అలవాటైపోయింది.

చట్టం ఏం చెబుతోందో స్టేషన్ల వారికీ, ఫిర్యాదు రాసే అనుచరులకూ ఒకసారి గుర్తుచేయక తప్పదు. పరువునష్టం కింద పోలీసు తనంత తాను ఎఫ్‌ఐఆర్ కట్టే వీలు లేదు. పరువు పోయిందనుకున్న వ్యక్తి స్వయంగా మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాలి. ఎంపీ తరఫున అభిమాని వెళ్తే సరిపోదు. ఆ దారి కష్టమని తెలిసే, వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టాడంటూ అదే సంహితలోని 196, వదంతులు ప్రచారం చేశాడంటూ 353 సెక్షన్లు అతికిస్తారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, మాటలూ రాతలూ కారణమైనప్పుడు, ముందుగా డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడమే సముచితమని సుప్రీంకోర్టు 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. మాట ప్రభావాన్ని గుండె నిబ్బరమున్న మనుషుల కొలతతో చూడాలి గానీ, ప్రతి విమర్శలోనూ అపాయాన్ని ఊహించుకునే పిరికివాళ్ల కొలతతో కాదని కూడా అంది. ఆ కేసులో ఊరట పొందింది కవిత ఉన్న వీడియో పెట్టిన ఒక ఎంపీ. ఎంపీకి దక్కిన ఆ రక్షణ మామూలు ఓటరుకూ దక్కాలి. అదే ఏడాది జూలైలో మన హైకోర్టు సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండుకు పంపవద్దని మేజిస్ట్రేట్లందరికీ సర్క్యులర్ ఇచ్చింది. ఇక 1994 నాటి ఆర్.రాజగోపాల్ తీర్పు సంగతి. ‘నక్కీరన్’ సంపాదకుడు తెచ్చిన ఆ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ పదవిలో ఉన్నవాడి అధికారిక పనిపై రాసిన మాటలో పొరపాటున్నా, రాసినవాడు తగినంతగా సరిచూసుకుని ఉంటే నష్టపరిహారం అడగలేరని తేల్చింది. పెళుసుగా ఉండే హక్కు పదవిలో ఉన్నవాడికి లేదని దీని అర్థం.

రాజ్యాంగమే ఇంకో దారిలో ఆలోచింపజేస్తుంది. పార్లమెంటులో ఎంపీ ఏం మాట్లాడినా ఏ కోర్టూ అతన్ని నిలదీయకూడదని 105వ అధికరణం చెబుతోంది. ఆ కవచం అతని సొంత గొప్పతనానికి ఇచ్చింది కాదు. ఓటర్ల మాటను భయపడకుండా అక్కడ చెబుతాడనే ఇచ్చారు. ఓటర్ల పేరిట అంత పెద్ద కవచం తొడుక్కున్నవాడు, ఆ ఓటరు తన గురించి రెండు మాటలు అంటే స్టేషను మెట్లెక్కించడం ఎట్లా సబబు?

ఈ నేలకు ఇది కొత్త పాఠం కాదు. మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబీసెంట్ ‘న్యూ ఇండియా’ పత్రిక ధరావతును మద్రాసు ప్రభుత్వం 1916లో జప్తు చేసింది. 1917 జూన్‌లో ఆమెనే నిర్బంధించింది. విమర్శించిన గొంతును మూయించాలని చూసిన ఆ ప్రభుత్వం కొన్ని నెలలకే ఆమెను వదిలిపెట్టింది. అంతకు ముందు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’లో రాసిన సంపాదకీయానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు. పరాయి పాలనలో అవమానమైన పని మన పాలనలో మర్యాద కాజాలదు.

విమర్శించేవారికి కూడా చెప్పాల్సిన మాట ఒకటుంది. మన ఊళ్లలో ఎంపీ మీద వచ్చే తిట్లలో సగం ఆయనకు సంబంధం లేనివి. వీధి దీపం వెలగకపోతే పంచాయతీని అడగాలి. హంద్రీ-నీవా కాలువలో నీళ్లు రాకపోతే రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు గేట్ల నిర్వహణ రాష్ట్రం బాధ్యత. ఆ ఘోరాన్ని ఢిల్లీలో వినిపించి సాయం రాబట్టడం ఎంపీ బాధ్యత. ఎంపీ నిధుల సంగతీ అంతే. ఏడాదికి ఐదు కోట్లు. ఏడు నియోజకవర్గాలకు పంచితే ఒక్కోదానికి డెబ్బై లక్షల చిల్లర. ఎంపీ సిఫారసు చేస్తాడు, మంజూరు, పని అప్పగింత కలెక్టరువి. కొవిడ్ పేరుతో 2020 ఏప్రిల్ నుంచి 2021 నవంబరు దాకా ఆ నిధులే ఆగిపోయాయి. ఆ రెండేళ్ల లెక్క అడిగేటప్పుడు ఇది తెలిసి అడగాలి. ఎస్సీ ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీ ప్రాంతాలకు 7.5 శాతం కేటాయించాలన్న నిబంధన ఏ మేరకు అమలైందని అడిగితే ఏ ఎంపీ అయినా కాగితాలు తిరగేయాల్సిందే. హాజరు ఎంత, ఏ ప్రశ్నలు వేశారు, ఏ చర్చలో మాట్లాడారు అన్నవి లోక్‌సభ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. కేంద్ర పథకాలపై సమీక్షించే ‘దిశ’ కమిటీకి అధ్యక్షుడు ఎంపీయే. మూడు నెలలకోసారి జరగాల్సిన ఆ సమావేశం ఎన్నిసార్లు జరిగిందో సమాచార హక్కు దరఖాస్తుతో ఎవరైనా తెలుసుకోవచ్చు. ఇలా అడిగినవాడి మీద ‘ఎవరి మనిషివి’ అన్న రాయి విసరడం కష్టం. అయితే ఒకటి. ఇంత లెక్క తెలియని రైతు కోపంగా, తప్పుగా అడిగినా అతనికీ రక్షణ ఉండాలి. చదువుకున్నవాడికి మాత్రమే హక్కు ఉంటే అది హక్కు కాదు.

కాబట్టి మేం కోరేది ఇది. రాజంపేట, చిత్తూరు ఎంపీలిద్దరూ తమ పని గురించి చేసిన విమర్శపై అనుచరులు పోలీసు ఫిర్యాదులు ఇవ్వకూడదని బహిరంగంగా ప్రకటించాలి. ఇప్పటికే ఇచ్చినవి ఉంటే వెనక్కి తీసుకోమనాలి. ఏడాదికోసారి ప్రతి నియోజకవర్గ కేంద్రంలో, పీలేరులో, మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో, జనం ముందు కూర్చుని నిధుల జాబితా, వేసిన ప్రశ్నలు చదివి వినిపించాలి. ఎదురు ప్రశ్నలు తీసుకోవాలి. ‘దిశ’ సమావేశాల తీర్మానాలు తెలుగులో ప్రచురించాలి. ఈ ప్రాంత ఎస్పీలు ప్రజాప్రతినిధులపై విమర్శకు సంబంధించిన ప్రతి ఫిర్యాదులోనూ డీఎస్పీ స్థాయి ప్రాథమిక విచారణ లేకుండా ఎఫ్‌ఐఆర్ వద్దని స్టేషన్లకు రాతపూర్వకంగా ఆదేశించాలి. కలికిరి స్టేషనులోనూ, కుప్పం స్టేషనులోనూ ఆ ఆదేశం ఒకేలా అమలు కావాలి. ముఖ్యమంత్రి నియోజకవర్గమని ఒకచోట గట్టిగా, ప్రతిపక్ష ఎంపీ స్థానమని మరోచోట మెత్తగా ఉండకూడదు.

ఇక రైలు. కడప-బెంగళూరు లైనుపై రైల్వే, రాష్ట్రం తమ తమ వాటాలు ఎంత చెల్లించాయి, పెండ్లిమర్రి దాటి భూసేకరణ ఎందాకా వచ్చింది, పాత అలైన్‌మెంట్ ఉందా పోయిందా అన్న మూడు అంశాలతో రాజంపేట ఎంపీ వచ్చే పార్లమెంటు సమావేశాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్నకు నోటీసు ఇవ్వాలి. మంత్రి ఇచ్చిన జవాబు నకలును కలికిరి, మదనపల్లె మండల కార్యాలయాల నోటీసు బోర్డులపై అంటించాలి.