ఉదయం నడక, సాయంత్రం పెగ్గు

పొట్ట తగ్గాలని తెల్లవారకముందే నడకకు బయలుదేరేవారు మన మఠంపల్లిలోనూ ఉన్నారు. మంచిదే. అయితే వారిలో కొందరు, పొద్దున నడిచాము కదా అన్న ధీమాతో సాయంత్రం సీసా ముందు కూర్చుంటారు. లెక్క చూడండి. గ్రాము చక్కెరలో 4 కేలరీలుంటే, గ్రాము ఆల్కహాలులో 7. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 140. రెండు పెగ్గులు పడితే గంటసేపు వేగంగా నడిచిన ఫలితం దాదాపు పోయినట్లే. పక్కనున్న పల్లీలు, కోడి వేపుడు ఈ లెక్కలో లేవు!

ఆల్కహాలును శరీరం నిల్వ చేసుకోలేదు. కాబట్టి ముందు దానినే దహించి, కొవ్వును పక్కన పెడుతుంది. తాటికల్లు సహజమైనదని తప్పించుకోవద్దు. పులిసిన కల్లులో ఉన్నదీ అదే. తాగినందుకు మరో గంట పరుగెత్తడమూ పరిష్కారం కాదని నా అభిప్రాయం. మానవలసినది మద్యమే, నడక కాదు.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారి సంగతి వేరు. నడిచిన రోజున ఏమీ తినకుండా తాగితే, అర్ధరాత్రి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, ముద్దమాట చూసి ఇంట్లోవారు మత్తేననుకొని పడుకోనిస్తారు. అలా వదలకండి. స్పృహలో ఉంటే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకుంటే నోట ఏమీ పోయక వెంటనే 108కు ఫోన్ చేయండి.