సరిహద్దు గీతలు, సంస్కృతి సీమలు

బడిగోడకు వ్రేలాడే భారతదేశ పటంలో రాష్ట్రానికొక రంగు ఉంటుంది. ఒక రంగు ముగిసిన చోటనే మరొక రంగు మొదలవుతుంది. నడుమ ఒక నల్లని గీత. పరిపాలనకు అట్టి పటం అవసరమే. తహసీల్దారు అధికారం ఏ ఊరితో ముగుస్తున్నదో, శిస్తు ఏ ఖజానాకు చేరవలెనో తెలియకపోతే ప్రభుత్వం నడవదు. కాని ఆ పటాన్ని చూచి చూచి మనకొక దురభ్యాసం అబ్బినది. రంగు మారిన చోటనే మనుష్యుల పాట, పండుగ, పెండ్లి, దైవం కూడ మారిపోతాయని నమ్మసాగినాము. ఈ నమ్మకం అసత్యం. అసత్యమే గాక, మన సాహిత్యానికి హాని చేస్తున్న నమ్మకం.

మొదట ఒక అపార్థానికి తావు లేకుండ చేసికొందాం. భాషారాష్ట్రాలను నేను ఆక్షేపించడం లేదు. బడిలో పాఠం, కచేరీలో అర్జీ, న్యాయస్థానంలో తీర్పు ప్రజల భాషలో ఉండవలెనన్న కోరిక ధర్మమైనది. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో దేశవ్యాప్తమైన పునర్విభజన, 1960లో మహారాష్ట్ర, గుజరాతు ఆ ధర్మమైన కోరిక ఫలితాలే. అయితే భాషారాష్ట్రమన్నది పరిపాలనా సూత్రం. సంస్కృతికి నిర్వచనం కాదు. ఫజల్ అలీ అధ్యక్షుడుగా, కుంజ్రూ, పణిక్కరు సభ్యులుగా 1955లో నివేదిక సమర్పించిన రాష్ట్రాల పునర్విభజన సంఘమే ‘ఒక భాషకు ఒక రాష్ట్రం’ అన్న సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. నూటికి సుమారు 70 మంది ఒక భాష మాట్లాడితే దానిని ఏకభాషా ప్రాంతంగా పరిగణించవచ్చునని ఆ సంఘం తలచినది. లెక్క సబబుగానే ఉన్నది. కాని తక్కిన 30 మంది మాట ఏమిటి? పటంలో వారికి రంగు లేదు. తెలుగువారికే 2014లో రెండు రాష్ట్రాలు ఏర్పడినవి. భాషయే రాష్ట్రం, రాష్ట్రమే సంస్కృతి అన్నవారు దీనికేమి సమాధానం చెప్పగలరు?

వాదానికి నిదర్శనం కావలెను గనుక కృష్ణా భీమా నదుల నడుమనున్న నేలను తీసికొందాం. మరాఠీ కన్నడాలు కలిసే సీమ ఇది. ఇచ్చట సంస్కృతుల హద్దు ఎక్కడ అని అడిగితే నలుగురు నాలుగు సమాధానాలు చెప్పుతారు.

భాషాశాస్త్రజ్ఞుడు షోలాపూరుకు, విజాపురానికి నడుమ గీత గీస్తాడు. మరాఠీ ఆర్యభాష, కన్నడం ద్రావిడభాష. కనుక ఉత్తరాపథం ఇక్కడ ముగిసినదంటాడు. పంచాంగకర్త ఆ గీతను ఎరుగడు. మరాఠీవారికి, కన్నడిగులకు, తెలుగువారికి నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదివారికి పూర్ణిమతో ముగుస్తుంది. అందుచేతనే ఒకే కృష్ణాష్టమి మనకు శ్రావణంలోను, వారికి భాద్రపదంలోను వస్తుంది. మన ఉగాదియే మరాఠీల గుఢీ పాడవా. తమిళులది సౌరమానం, వారి సంవత్సరాది వేరొక దినం. అనగా పంచాంగం తెలుగువానిని మరాఠీవానితో కలిపి, తమిళుని నుండి వేరు చేస్తున్నది. భాషాకుటుంబం చెప్పేది సరిగ్గా దీనికి విరుద్ధం.

ఇక పెండ్లి సంగతి. ఇరావతీ కర్వే 1953లో ప్రకటించిన గ్రంథంలో దేశాన్ని బంధుత్వవ్యవస్థలను బట్టి నాలుగు మండలాలుగా విభజించినది. భాషకు ఆర్యమైన మహారాష్ట్రను ఆమె ఉత్తరమండలంలో చేర్చలేదు, మధ్యమండలంలో ఉంచినది. కారణం స్పష్టం. మేనమామ కూతురిని పెండ్లాడడం ఉత్తరాదిన మహాదోషం. మహారాష్ట్రలో అనేక కులాలకు అది కోరదగిన సంబంధం. మేనరికం మనకెంత సహజమో వారికీ అంత సహజం.

సంగీతజ్ఞుని గీత మరింత విచిత్రమైనది. అది కన్నడదేశం నడిబొడ్డున పోతుంది. మైసూరు కర్ణాటక సంగీతానికి ఆటపట్టు. ధారవాడ, హుబ్బళ్ళి సీమ హిందూస్థానీకి పుట్టినిల్లు వంటిది. ఇది దైవలీల కాదు. ఉత్తరాన కైరానాలో పుట్టిన అబ్దుల్ కరీంఖాన్ మిరజులో స్థిరపడినాడు. ధారవాడ దాపున ఉన్న కుందగోళ నుండి వచ్చిన శిష్యుడు ఆయన వద్ద విద్య నేర్చి, మరాఠీ నాటకరంగం మీద సవాయి గంధర్వుడని పేరొందినాడు. ఆయన శిష్యులే గంగూబాయి హానగల్, భీమసేన జోషి. గదగులో పుట్టిన భీమసేనుడు పుణెలో నివసించి మరాఠీ అభంగాలను, కన్నడ దాసుల పదాలను ఒకే కంఠంతో పాడినాడు. ఆ కంఠాన్ని ఏ రాష్ట్రానికి జమకట్టుదాం?

గీతలు నాలుగు, నాలుగూ నాలుగు చోట్ల పడినవి. వీనిలో ఒకదానిని పట్టుకొని, ఇదే సంస్కృతికి పొలిమేర అని శాసించేవాడు తక్కిన మూడింటిని దాచిపెట్టుతున్నాడన్నమాట.

అయితే సాంస్కృతిక సీమలన్నవే లేవా? ఉన్నవి. కాని వాటిని అంచులను బట్టి గుర్తించరాదు, కేంద్రాలను బట్టి గుర్తించవలెను. భీమానది ఒడ్డున పండరిపురం ఉన్నది. ఆషాఢంలో వార్కరీలు కాలినడకన చేరే ఆ క్షేత్రం మరాఠీ భక్తికి హృదయం. ఆ విఠలునే మరాఠీ సంతులు కన్నడదైవమని పిలుచుకొన్నారు. కన్నడ దాసుడు పురందరుడు ఆ స్వామి పేరునే తన ముద్రగా చేసికొన్నాడు. తెనాలి రామకృష్ణుడు ఆ క్షేత్రాన్ని గురించియే తెలుగులో పాండురంగమాహాత్మ్యం రచించినాడు. ఒక్క గుడి మూడు సాహిత్యాలకు నెలవైనది. దీపం ఉన్న చోటు చెప్పగలం. దాని వెలుగు ఏ అంగుళం వద్ద ఆగినదో చెప్పలేం. రెండు దీపాల వెలుగు కలిసిన చోట ఏది దేనిదని తగవులాడడం అవివేకం.

ఈ తగవును పెంచి పోషించేవారు రెండు తెగలు. మొదటివారు ప్రాచీన గ్రంథాలను భూమి పట్టాలుగా వాడుకొంటారు. తొమ్మిదవ శతాబ్దపు కవిరాజమార్గం కావేరి నుండి గోదావరి వరకు కన్నడనాడని చెప్పినది. కనుక అంతా మాదే అని వాదిస్తారు. ఆ గ్రంథమే సారమైన కన్నడానికి పట్టదకల్లు, కొప్పళ మొదలైన నాలుగు ఊళ్ళ నడుమ సీమను కేంద్రంగా చూపినదన్న మాట వారికి జ్ఞప్తి ఉండదు. కవి చెప్పినది కేంద్రాన్ని, దాని వ్యాప్తిని. సర్వే రాళ్ళను కాదు. బెళగావి వివాదం మీద మహాజన్ కమిషన్ 1967లో నివేదిక ఇచ్చినది. 2004లో మహారాష్ట్ర సుప్రీంకోర్టుకు ఎక్కినది. ఊరు ఎవరి పరిపాలనలో ఉండవలెనన్నది న్యాయస్థానం తేల్చగలదు. ఆ ఊరివాడు ఏ పాట పాడుకోవలెనో తేల్చే న్యాయస్థానం లేదు.

రెండవ తెగవారు దీనికి విపరీతం. హద్దులు లేవు గనుక ప్రాంతాలూ లేవు, ఉన్నది ఏకైక భారతీయ సంస్కృతి మాత్రమే అంటారు. వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. కంచె లేదన్నంత మాత్రాన ఇల్లు లేదనడం ఏ తర్కం? జ్ఞానేశ్వరుడు మరాఠీలోనే వ్రాసినాడు, బసవేశ్వరుడు కన్నడంలోనే పలికినాడు. ఆ భాషల నేలనుండి పెరికివేస్తే వారి మాట వాడిపోతుంది. ప్రాంతాన్ని కాదన్న ఐక్యత ఉత్త శూన్యం.

ఈ పొరపాటుకు మూల్యం చెల్లిస్తున్నవారు ఎవరు? మొదట రచయితలు. ధారవాడలో పుట్టిన ద. రా. బేంద్రే ఇంటిభాష మరాఠీ. కన్నడ మహాకవియై 1973 జ్ఞానపీఠం అందుకొన్నాడు, మరాఠీలోను వ్రాసినాడు. ఆ ధారవాడలోనే అధ్యాపకుడుగా ఉంటూ జి. ఏ. కులకర్ణి మరాఠీ కథకు కొత్త లోతు కల్పించినాడు. ఒకే ఊరి ఇరువురిని రెండు చరిత్రగ్రంథాలు పంచుకొన్నవి. వారిని కలిపి చదివేవాడు అరుదు. మనమూ తక్కువ తినలేదు. తంజావూరు తమిళదేశం, నాయకరాజుల తరువాత 1676 నుండి మరాఠాలు ఏలినారు, అయినా అచ్చట తెలుగు యక్షగానం వెలసినది, త్యాగరాజు తెలుగులో పాడినాడు. దానిని ‘దక్షిణాంధ్ర సాహిత్యం’ అని మన ఖాతాలో వ్రాసికొన్నాము గాని, ఆ ఆస్థానంలోనే పుట్టిన మరాఠీ రచనలను, చుట్టూ ఉన్న తమిళాన్ని పరామర్శించినవారు ఎందరు? సింధీకి దేశంలో రాష్ట్రమే లేదు. అయినా 1967లో రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచిలో చేరినది. రంగును బట్టి సాహిత్యాన్ని కొలిచేవాని పటంలో సింధీ కవికి చోటెక్కడ?

రెండవది, పిల్లలు. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాటు చేయవలెనని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350 ఏ అధికరణం ఆదేశిస్తున్నది. షోలాపూరులో తరతరాలుగా మగ్గం నేసే తెలుగు కుటుంబపు బిడ్డకు ఆ అధికరణం దయ కాదు, హక్కు. పొలిమేర ఊరి బిడ్డ రెండు భాషలతో బడికి వస్తాడు. అది అతని సంపద. సంస్కృతి ఒక గీతతో ముగుస్తుందని నేర్పే బడి ఆ సంపదలో సగాన్ని గుమ్మం బయటనే విడిచి రమ్మంటున్నది.

కనుక మనం కోరవలసినవి మూడు. సాహిత్యచరిత్రలు రాష్ట్రాలవారీగా గాక ధారవాడ, తంజావూరు, పండరిపురం వంటి కేంద్రాలవారీగా కూడ వెలువడవలెను. ఇరుగుపొరుగు భాషల నడుమ అనువాదం ఆంగ్లం మీదుగా, హిందీ మీదుగా చుట్టు తిరిగి గాక, తిన్నగా జరగవలెను. కన్నడం నుండి తెలుగుకు, తెలుగు నుండి మరాఠీకి. సరిహద్దు జిల్లాల బడులలో, గ్రంథాలయాలలో ఇరుపక్కల పుస్తకాలు ఉండి తీరవలెను. 1980ల మధ్య ప్రభుత్వం ఏడు మండల సాంస్కృతిక కేంద్రాలను నెలకొల్పినప్పుడు కర్ణాటకను తంజావూరు కేంద్రంలోను, నాగపూరు కేంద్రంలోను కూడ చేర్చవలసి వచ్చినది. సర్కారు దస్త్రానికే తెలిసిన సత్యం ఇది. సాహిత్యాన్ని ప్రేమించే మనకు తెలియకపోవడం న్యాయం కాదు.