మా అత్తగారికి సగం సినిమా బాకీ

మా ఉయ్యూరులో వీరమ్మ తల్లి తిరునాళ్ళు వచ్చాయంటే పదిహేను రోజులపాటు ఇల్లు ఇల్లులా ఉండదు. ఆడపడుచులంతా పిల్లల్ని వెంటేసుకుని దిగుతారు. పగలంతా మొక్కులూ, పొంగళ్ళూ, వచ్చేపోయే చుట్టాలూ. రాత్రి భోజనాలయ్యాక అందరం హాల్లో చాపలు పరుచుకుని కూర్చుంటాం.

ఈసారి అలా కూర్చున్నప్పుడు మా ఆడపడుచు కొడుకు తన సెల్‌ఫోన్ని టీవీకి తగిలించి, "అమ్మమ్మా, ఏ సినిమా కావాలో అడుగు. ప్రపంచంలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి" అన్నాడు గొప్పగా.

"అయితే సావిత్రి సినిమా 'చిన్నారి పాపలు' పెట్టరా" అన్నారు మా అత్తగారు.

"అందులో సావిత్రి ఏం వేషం వేసిందమ్మమ్మా?"

"వేషం సంగతి కాదురా. ఆ సినిమా తీసిందే ఆవిడ."

కుర్రాడు వెతికాడు. ఇటు నొక్కాడు, అటు నొక్కాడు. ఒకటి రెండు పాటలు దొరికాయి. సినిమా మాత్రం దొరకలేదు. ప్రపంచమంతా ఉన్న పెట్టెలో మా అత్తగారు అడిగిన ఒక్కటీ లేదు!

ఆవిడ పట్టుదలకు కారణం ఉంది. 1968లో ఆ సినిమా వచ్చినప్పుడు మా వారు చంటిబిడ్డ. ఒళ్ళో పెట్టుకుని బెజవాడ వెళ్ళారట. దీపాలార్పగానే బిడ్డ ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు. మామగారు కుర్చీలోంచి కదల్లేదు. బిడ్డను భుజాన వేసుకుని అత్తగారే హాలు బయట పచార్లు చేశారు. "సగం సినిమా నాకు బాకీ ఉందే అమ్మాయ్" అంటారు ఇప్పటికీ. ఆ తరం ఆడవాళ్ళలో ఇలాంటి సగం సినిమాలు బాకీ లేనివారెవరో చెప్పండి!

ఆ సినిమా సామాన్యమైనది కాదు. దర్శకత్వం సావిత్రిది, సంగీతం పి. లీలది. కెమెరా వెనక ఆడమనిషి కనబడటమే వింత అయిన రోజుల్లో ఆడవాళ్ళు పూనుకుని తీసిన చిత్రం. అంతకు పదిహేనేళ్ళ ముందే, 1953లో, భానుమతి 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తానే డైరెక్టు చేసింది. మన ఆడవాళ్ళు నటించిన సినిమాల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. వాళ్ళు తీసినవి ఏ గతిన ఉన్నాయో మాత్రం అడగం.

నా బాధ వింటూనే మా ఆడపడుచు భర్త నవ్వారు. "పాత సినిమాలన్నీ ఊరికే దొరుకుతున్నాయి కదా చెల్లెమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు.

దొరికేవాటిని ఆయన చివరిదాకా ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం. ముఖాలన్నీ బూడిద పూసినట్టుంటాయి. మూలన ఎవరిదో ముద్ర. మంచి పాట రాబోతుందనగా కత్తెర. మాట ముందు, పెదవి వెనక. చిరుగులు పడ్డ పట్టుచీరను చూపించి "చీర ఉందిగా" అన్నట్టుంది ఈ వాదన. ఉండటం వేరు, కట్టుకునేలా ఉండటం వేరు.

"సరే, బాగుచేసి డిస్కు వేస్తే మాత్రం ఎవరు కొంటారు?" అన్నది ఆయన రెండో ప్రశ్న.

1957 నాటి 'మాయాబజార్'ను శుభ్రం చేసి, రంగులద్ది, 2010 జనవరిలో మళ్ళీ విడుదల చేస్తే, యాభై ఏళ్ళు దాటిన సినిమాను జనం డబ్బిచ్చి హాలుకు వెళ్ళి చూడలేదూ? రంగులు వేయవచ్చా, కూడదా అన్నది వేరే పంచాయతీ. కొనేవాళ్ళు లేరన్న మాట మాత్రం అక్కడితో తేలిపోయింది.

అమెరికాలోనూ పాత హాలీవుడ్ సినిమాలు దాచుకునే పిచ్చివాళ్ళున్నారు. ఫలానా సినిమా డిస్కుగా ఎప్పుడొస్తుందా అని ఏళ్ళ తరబడి కాచుకు కూర్చుంటారు. వాళ్ళ బాధ చూసి వార్నర్ కంపెనీ 2009లో ఒక పద్ధతి పెట్టింది. వేలకొద్దీ డిస్కులు ముందే వేసి గోదాములో పడేయడం కాదు. ఎవరైనా అడిగితే అప్పుడే ఒకటి తయారుచేసి పంపడం. మన మిఠాయి కొట్టువాడు ఆర్డరు మీద బూందీ దూసి ఇచ్చినట్టే. పదిమంది అడిగితే పది, వందమంది అడిగితే వంద. అసలు ప్రతిని బాగుచేయడానికి ఖర్చవుతుంది, కాదనను. కానీ డిస్కులు మిగిలిపోతాయన్న భయం ఇందులో ఎక్కడుంది?

ఇంకో విచిత్రం వినండి. మన దేశంలో ఎవరైనా వంటల పుస్తకం అచ్చు వేసినా సరే, 1954 నాటి చట్టం ప్రకారం ప్రతులు కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరికొన్ని పెద్ద గ్రంథాలయాలకూ పంపి తీరాలి. గుత్తొంకాయ కూర ఎలా వండాలో భావితరాలకు భద్రం! సినిమాకు అలాంటి నిర్బంధం లేదు. పుణేలో 1964లో జాతీయ ఫిల్ము భాండాగారం పెట్టారు. కానీ తీసిన ప్రతి సినిమా అక్కడికి చేరాలన్న చట్టం పెట్టలేదు. పోనీ హక్కుల చిక్కా అంటే, మన కాపీరైటు చట్టంలో సినిమాకు గడువు, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్ళు. ఆ లెక్కన 'చండీరాణి' గడువు 2013 చివరికే తీరిపోయింది. ఎవరైనా వేసుకోవచ్చు. కానీ దేన్ని చూసి వేస్తారు? మంచి నెగెటివు ఎవరి బీరువాలో ఉందో వాళ్ళు తలుపు తీయాలి కదా. హక్కు ఊరందరిదీ, తాళంచెవి ఒకరిదీ!

ఆ తాళం వేసిన గదిలో సినిమా చల్లగా నిద్రపోతోందనుకుంటే పొరపాటు. ఉప్పు తగ్గిన ఆవకాయ జాడీలో ఏమవుతుందో మనకు తెలియంది కాదు. ఫిల్మూ అంతే. వేడీ చెమ్మా తగిలితే పులిసి, వెనిగర్ వాసన కొట్టి, ముడుచుకుపోతుంది. చల్లగా, పొడిగా ఉంచాలి. మన కోస్తా ఉక్కలో రేకుడబ్బాలో పడేసిన రీలు ఎన్నాళ్ళుంటుంది? ఇంకా పాతకాలపు నైట్రేటు ఫిల్ముకు నిప్పంటే చాలు. 2003 జనవరిలో పుణేలోనే అలాంటి ఫిల్ములున్న గది తగలబడిపోయింది. నిప్పుకు చిక్కనివాటిలో కొన్నిటిని మనుషులే కరిగించారు, అందులో ఉండే పిసరంత వెండి కోసం. 1932లో వచ్చిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ఇప్పుడు లేదు. అందులో సురభి కమలాబాయి లీలావతి వేషం వేసి తెరమీద తెలుగు మాట్లాడింది. ఆ గొంతు వినే భాగ్యం మనకు లేదు.

'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) తీసిన గూడవల్లి రామబ్రహ్మం మన కృష్ణా జిల్లా మనిషి. ఆ సినిమాలకు వెనక నిలిచిన సారథి సంస్థ చల్లపల్లి రాజా వారిది. ఉయ్యూరు నుంచి బస్సెక్కితే చల్లపల్లి ఎంత దూరం! ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు, ఘంటసాల మా జిల్లావాళ్ళేనని మేం కాలరెగరేస్తాం. విగ్రహాలు పెడతాం. జయంతికి దండలు వేస్తాం. వాళ్ళు చేసిన పని రేకుడబ్బాల్లో పులిసిపోతుంటే పట్టించుకోం. విగ్రహం పాట పాడదు కదా!

కాబట్టి నేను అడిగేవి మూడే. తీసిన ప్రతి సినిమాకూ మంచి ప్రతి ఒకటి భాండాగారానికి చేరాలని చట్టం కావాలి. నెగెటివులు దాచుకున్నవారు, తాము వేయకపోతే వేసేవారికైనా ఇవ్వాలి. మూడోది మనకే. ఊరికే వచ్చే మసక బొమ్మతో సరిపెట్టుకోకుండా, మంచి ప్రతి వచ్చిననాడు డబ్బిచ్చి కొనాలి. ఒక్క జాకెట్టు కుట్టుకూలి పెడితే సినిమా ఇంటికొస్తుందంటే వెనకాడతామా? మనం అడగకపోతే 'అడిగేవాళ్ళు లేరు' అనే మాటే చివరికి నిజమవుతుంది.

ఆ రాత్రి కుర్రాడు ఫోను పక్కన పెట్టి, "పోనీ కథ చెప్పు అమ్మమ్మా" అన్నాడు. అత్తగారు తను చూసిన సగం చెప్పారు. తర్వాతేమైందని పిల్లలంతా అడిగారు.

"ఏమో రా! మీ మావయ్య ఏడ్చాడు" అన్నారావిడ.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడకు ఎనభై దాటాయి. ఆ రెండో సగం ఏ గదిలో ఉందో గానీ, దానికీ వయసు మీదపడుతోంది.