గాలి కరెంటు - మన మాట

మేము తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్ళలో ఉండి చదువుకున్నవాళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ దాటిన మొదటివాళ్ళం. ఇంటికి కరెంటు బిల్లు వస్తే చదివి చెప్పేది మేమే. ఎంత కట్టాలో చెప్పేవాళ్ళం గానీ, ఆ ధర ఎవరు నిర్ణయిస్తారో మాకూ తెలిసేది కాదు.

మన వైపు గాలిమరలు కనిపించవు. అవి అనంతపురం, కర్నూలు, కడప కొండల మీద ఉన్నాయి. అక్కడి కరెంటు ట్రాన్స్‌కో లైన్ల మీదుగా గ్రిడ్డులో కలుస్తుంది. మన హాస్టలు ఫ్యాను తిరిగేదీ ఆ గ్రిడ్డు వల్లే. కాబట్టి దాని ధర మనకూ సంబంధించిందే.

ఈ కరెంటును డిస్కంలు 25 ఏళ్ళ ఒప్పందాలతో కొన్నాయి. చాలా ఒప్పందాలలో యూనిట్ ధర 4 రూపాయల 84 పైసలు. అది ఎక్కువని 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. 2 రూపాయల 43 పైసలకు తగ్గించమని కంపెనీలకు లేఖలు వెళ్ళాయి. వివాదం హైకోర్టుకెక్కింది. ఒప్పందంలోని ధరే చెల్లించాలని, ఆరు వారాల్లో బకాయిలు తీర్చాలని 2022 మార్చి 15న ధర్మాసనం తీర్పు చెప్పింది.

ధర ఎక్కువన్న మాటలో న్యాయం లేకపోలేదు. కానీ బేరం ఆడవలసింది కొనకముందు, సంచిలో పోయించుకున్నాక కాదు. మాట తప్పితే రేపు కొత్తగా గాలిమర పెట్టడానికి ఎవరు వస్తారు? ఎక్కువ ధరకు ఒప్పుకుంటే ఆ భారం మోసేది ఎవరు?

"ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్లు ఉచితం కదా, మనకెందుకు?" అని కొందరు తమ్ముళ్ళు అనవచ్చు. ఆ ఉచితానికి డబ్బు ప్రభుత్వమే సబ్సిడీగా కట్టాలి. మన మెస్ చార్జీలు వచ్చేదీ ఆ ఖజానా నుంచే.

2003 విద్యుత్ చట్టం ప్రకారం రాష్ట్రంలో ధరలు నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. గాలి కరెంటుకు ఆ ధర కట్టిందీ మండలే. చార్జీల ప్రతిపాదనలను పత్రికల్లో ప్రకటించాలి, ప్రజల అభ్యంతరాలు పరిశీలించాలి. బహిరంగ విచారణలో తెలుగులోనే మాట్లాడవచ్చు. మరి అక్కడ మన అమ్మానాన్నల తరఫున మాట్లాడేవారు ఎందరు?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి ఆ ప్రకటన పేపర్లో పడినప్పుడు కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించండి. నలుగురు కూర్చుని చదవండి. అర్థం కాకపోతే మమ్మల్ని పిలవండి. అందరం కలిసి ఒక్క ఉత్తరమైనా రాద్దాం. మన చదువు మన ఉద్యోగానికే కాదు, బిల్లు చదవలేని మనవాళ్ళకు కూడా ఉపయోగపడాలి.