పాతడం సులువు, పసిగట్టడం కష్టం

పార్లమెంటుపై 2001 డిసెంబరు 13న జరిగిన దాడి దరిమిలా, 'ఆపరేషన్ పరాక్రమ్' పేరిట మన సేనలు పాకిస్తాన్ సరిహద్దున మోహరించిన సంగతి పాఠకులకు విదితమే. యుద్ధం రాలేదు. 2002 అక్టోబరులో సేనల ఉపసంహరణకు నిర్ణయమూ జరిగింది. కాని పంజాబు, రాజస్థాన్, జమ్మూ రైతుల పొలాలలో పాతిన మందుపాతరలు ఉత్తరువులు విని వెనుదిరిగేవి కావు. వాటిని వెదకి తీయడానికి సంవత్సరాలు పట్టింది. ఈలోగా సైనికులు, రైతులు పలువురు ప్రాణాలో, కాళ్లో పోగొట్టుకున్నారు.

ఇంత జాప్యం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు వెదికే యంత్రంలోనే ఉన్నది. పోలండు ఇంజనీరు కోసాట్స్కీ రూపొందించిన డిటెక్టరును బ్రిటిష్ సైన్యం 1942లో ఎల్ అలమీన్ వద్ద వాడింది. నేటికీ విరివిగా వాడే పరికరాలు వెదికేది లోహాన్నే. తీగచుట్ట సృష్టించే అయస్కాంత క్షేత్రంలో లోహం పడితే చెవిలో మోత వినిపిస్తుంది. అయితే తుప్పుపట్టిన మేకుకూ మోత వస్తుంది. కనుక మోత వచ్చిన ప్రతిచోటా మోకరిల్లి, చువ్వతో నేలను మెల్లగా తడిమి చూడక తప్పదు. ఇక ప్లాస్టిక్ మందుపాతరలో ఉండే లోహం అత్యల్పం. దాని విషయంలో యంత్రం దాదాపు చెవిటిదే. భూమిలోకి తరంగాలను పంపే రాడార్లు వచ్చాయి గాని, తడిసిన బంకమట్టిలో వాటి చూపు మందగిస్తుంది. వాసన పట్టే కుక్కలను, కాంబోడియాలోనైతే ఎలుకలను సైతం వినియోగిస్తున్నారు.

ఈ చిక్కును గుర్తించే, 1996లో సవరించిన అంతర్జాతీయ నియమావళి మనుషులపై ప్రయోగించే ప్రతి మందుపాతరా కనీసం 8 గ్రాముల ఇనుముతో సమానంగా యంత్రానికి చిక్కాలని నిర్దేశించింది. భారత్, పాకిస్తాన్ రెండూ దీనిని అంగీకరించాయి. కాని ఈ ఆయుధాన్ని సంపూర్ణంగా నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలో మాత్రం రెండూ చేరలేదు. శ్రీలంక 2017లో చేరింది. ఆ దేశంలో మందుపాతరలను తొలగించిన వారిలో మన మాజీ సైనికులు కూడా ఉండడం గమనార్హం.

సుదీర్ఘమైన సరిహద్దు రక్షణకు ఇవి అవసరమన్న ఢిల్లీ వాదనను తేలికగా కొట్టివేయలేము. అయినా, పాతడం రోజుల పని, తీయడం ఏళ్ల పని అన్నది 2002 అనుభవం. యంత్రం ఎంత మెరుగుపడినా ఈ అంతరం పూర్తిగా తొలగేది కాదు. సరిహద్దు రైతు కాలి వెలను ముందుగానే లెక్కలోకి తీసుకోని రక్షణ వ్యూహం నా దృష్టిలో అసంపూర్ణమైనదే.