గిల్లే చేతికి మరొక పని

చెరకాకు అంచు గీచుకొన్న గాయం దానంతట అదే మానుతుంది. పక్కు కట్టినప్పుడల్లా గిల్లితే మానదు. బోధన్ చెరకు పల్లెల పిల్లలకు ఇది తెలియనిది కాదు. తెలిసీ కొందరు ఆ గిల్లుడు మానలేరు. వారిని మందలించడం బడులలో పరిపాటి. కాని మందలింపు సిగ్గును పెంచుతుంది. సిగ్గు ఆందోళనను, ఆందోళన మళ్లీ గిల్లుడును పెంచుతాయి.

ఆపుకోలేని ఈ గిల్లుడును 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. వదలని అలవాట్లకు అజ్రిన్, నన్ అనే మనస్తత్వవేత్తలు 1973లో చూపిన మార్గం దీనికీ వర్తిస్తుంది: చేయి ఎప్పుడు లేస్తున్నదో గమనించడం, లేచినప్పుడు కొద్ది నిమిషాలు పిడికిలి బిగించి ఉంచడం. గోళ్లు కత్తిరించుకోవడం, పుండుకు కట్టు కట్టడం తోడ్పడతాయి. అయినా తగ్గకుంటే నిజామాబాదులో మానసిక వైద్యునికి చూపాలి.

గిల్లే చేతికి కావలసినది బెత్తపు దెబ్బ కాదు, మరొక పని.